నిర్బంధం అంటే ఎవరిని లోపలేస్తారు మేడం?

2012 అక్టోబరు నెలాఖరు. దసరా సెలవులయ్యాక బడి తెరిచి ఆరో తరగతి హాజరు పట్టీ తీశాను. ముప్పై నాలుగు పేర్లు పిలిస్తే పదిహేను మంది పలికారు. మిగతావాళ్ళేరీ అంటే పిల్లలంతా ఒక్కసారిగా "సుగ్గికి పోయినారు మేడం" అన్నారు. ఏటా జరిగేదే కదా అన్నట్టు మళ్ళీ పలకల్లో తల దూర్చేశారు.

పడమటి కర్నూలు తెలియనివాళ్ళకు సుగ్గి అంటే ఏమిటో చెప్పాలి. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో వర్షాధారం మీద పండిన కాస్తా ఇంటికొచ్చాక ఇక పని ఉండదు. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా ఊళ్ళకు ఆ నీళ్ళు ఎక్కవు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. సరిహద్దు ఊళ్ళు కాబట్టి మాట ఇటు వచ్చింది, కానీ ఇక్కడ ఇంకొకరి పంట కోయడానికి ఊరు విడిచి పోవడాన్ని సుగ్గి అంటారు. కొందరు గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ పోతారు, ఇంకొందరు బెంగళూరు, హైదరాబాద్ కట్టడం పనులకు. దీపావళికి అటూ ఇటూగా బండెక్కితే తిరిగి ఉగాదికే. ఆ నాలుగైదు నెలలు వీధుల్లో ముసలివాళ్ళు, కుక్కలు, తాళాలు.

నాది నంద్యాల వైపు. ఉద్యోగం వచ్చి ఆ ఊళ్ళో చేరి అప్పటికి రెండేళ్ళు. మా బడి ఏడో తరగతి వరకు ఉండే ప్రాథమికోన్నత పాఠశాల. అంతకు రెండేళ్ళ ముందు, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. తెలుగులో దాని పూర్తి పేరు బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం. ట్రైనింగుల్లో ఆ పేరు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మా బడి గోడ మీద కూడా నీలం రంగుతో రాయించాం. ఆ "నిర్బంధ" అన్న మాట చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. ఇన్నాళ్ళకు మన చేతికి ఒక ఆయుధం దొరికింది అనుకునేదాన్ని.

బడి మానేసిన పిల్లల జాబితా తయారుచేసి ఇంటింటికీ తిరగమని ఆర్డరు వచ్చింది. మా జాబితాలో ఒక పిల్ల ఉంది. పేరు రాయను. ఇంట్లో అందరూ పెద్దపాప అంటారు, నేనూ అలాగే రాస్తాను. పదకొండేళ్ళు. మూడో తరగతిలో ఉండగా సుగ్గికి పోయి, తిరిగొచ్చాక మళ్ళీ బడికి రాలేదు. ఆమె తరువాత ఒక తమ్ముడు, ఇంకా పాలు తాగే చెల్లెలు. చట్టం ప్రకారం పదకొండేళ్ళ పిల్లను మూడో తరగతిలో కూర్చోబెట్టకూడదు, వయసుకు తగ్గ తరగతిలో అంటే ఆరులో చేర్చుకుని వెనకబడిన చదువు విడిగా చెప్పాలి. అది నాలుగో సెక్షన్. అక్షరాలే మరిచిపోయిన పిల్ల ఆరో తరగతిలో కూర్చుని ఏం చేస్తుందని స్టాఫ్ రూములో అందరికన్నా గట్టిగా వాదించింది నేనే.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వెంట తలారి. గడపలో మంచం వాల్చి కూర్చోమన్నారు. పెద్దపాప చెల్లెల్ని చంకనేసుకుని గోడ చాటున నిలబడి చూస్తోంది. నేను చట్టం గురించి చెప్పాను. ఉచితం అన్నాను, పుస్తకాలిస్తాం అన్నాను, మధ్యాహ్నం అన్నం పెడతాం అన్నాను. వాళ్ళ నాయన తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి నిర్బంధం అన్న మాట దగ్గర తలెత్తాడు.

"నిర్బంధం అంటే ఎవరిని లోపలేస్తారు మేడం? నన్నా, దాన్నా?"

అతను ఎకసెక్కానికి అడగలేదు. గృహ నిర్బంధం, పోలీసు నిర్బంధం... ఆ మాట అతను విన్నది అలాంటి చోట్లే. అప్పుడు నేను సరిగ్గా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. "పిల్లను పంపకపోతే మీ మీద కేసవుతుందన్నా" అన్నాను. నిజంగా అలాగే అవుతుందని నమ్మే అన్నాను. తలారి వెనక నుంచి అవునన్నట్టు తలూపాడు.

మర్నాడు ఉదయం బడికి వచ్చే దారిలో చూస్తే ఆ ఇంటికి తాళం. వాళ్ళు ఇంకో పది రోజులకు గాని బయలుదేరాల్సింది కాదట. రాత్రికి రాత్రి వేరే మేస్త్రీ, అంటే కూలీలను పనులకు తీసుకుపోయే మనిషి, బండిలో చోటు మాట్లాడుకుని పోయారు. మంచం మీద వాళ్ళ అవ్వ ఒక్కతే కూర్చుని వక్క నములుతోంది. నన్ను చూసి, "నువ్వు బెదిరిస్తివి, వాళ్ళు పోతిరి. ఇంక ఏమి చేస్తావో చేసుకో తల్లీ" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం వెతికి తీసి చట్టం మొదటి నుంచి చదివాను. అంతకుముందు నేను ఆ చట్టాన్ని చదవలేదు, దాని గురించి విన్నానంతే. నాలాంటి టీచర్లు చాలామందే ఉంటారని నా నమ్మకం.

పదో సెక్షన్లో తల్లిదండ్రుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. పిల్లను బడిలో చేర్పించడం వాళ్ళ బాధ్యత. అంతే. చేర్పించకపోతే జరిమానా అని గాని, కేసు అని గాని చట్టంలో ఎక్కడా లేదు. ఎనిమిదో సెక్షన్లో "నిర్బంధ విద్య" అంటే ఏమిటో వివరణ ఇచ్చారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వరకు ప్రతి పిల్లకూ ఉచితంగా చదువు చెప్పడం, ఆ పిల్ల చేరేలా, రోజూ వచ్చేలా, పూర్తి చేసేలా చూడటం ప్రభుత్వం విధి. నిర్బంధం ప్రభుత్వం మీద. అంటే ఆ ఊళ్ళో, ఆ వీధిలో, నా మీద. తొమ్మిదో సెక్షన్లో స్థానిక సంస్థల పనులు వరసగా చెబుతూ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చాలని ప్రత్యేకంగా రాశారు. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన చట్టాన్ని నేను ఒక కూలి మనిషిని భయపెట్టడానికి వాడాను.

ఈ నిర్బంధం అన్న మాట చుట్టూ మన దేశంలో వందేళ్ళ పైనే వాదన నడిచింది. బరోడా సంస్థానంలో 1906లోనే నిర్బంధ ప్రాథమిక విద్య తెచ్చారు. 1911లో గోఖలే కేంద్ర శాసన మండలిలో అలాంటి బిల్లే పెడితే నెగ్గనివ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 45వ అధికరణలో పదేళ్ళలోపు పద్నాలుగేళ్ళ వరకు అందరికీ ఉచిత, నిర్బంధ విద్య అందించాలని రాసుకున్నాం. అంటే 1960కి అయిపోవాలి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనంది. నిజానికి ఆ కేసు ప్రైవేటు మెడికల్, ఇంజనీరింగు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించి మొదలైంది. ఆ తరువాత 2002లో 86వ సవరణ, 2009లో చట్టం. యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన ఆ మాటను మా ఊళ్ళో మొదటిసారి వాడింది ఒక కుటుంబాన్ని తెల్లారేలోపు పారిపోయేలా చేయడానికి. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పుడు మొదలుపెట్టాను సీజనల్ హాస్టల్ పని. తల్లిదండ్రులు సుగ్గికి పోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి బడిలోనే రాత్రి పడుకునే ఏర్పాటు, పొద్దున, రాత్రి తిండి, చూసుకోవడానికి ఒక మనిషి. పక్క మండలంలో నడుస్తోందని విన్నాం. దానికి బడి యాజమాన్య కమిటీ తీర్మానం కావాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతుంది. మా కమిటీ సభ్యుల్లో సగం మంది అప్పటికే సుగ్గికి పోయారు! మిగిలినవాళ్ళను కూర్చోబెట్టి, పోయినవాళ్ళకు ఫోన్లు చేసి, ముసలివాళ్ళ వేలిముద్రలతో జాబితా తయారుచేశాం. ఏ ఇంట్లో ఎవరు పోయారు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట, ఎంతమంది పిల్లలు, వాళ్ళు వెంట పోయారా ఇక్కడే ఉన్నారా... ఇదంతా రాయడానికి మూడు వారాలు పట్టింది.

పై ఆఫీసు నుంచి మంజూరు రావడానికి డిసెంబరు చివరి వారం అయింది. పత్తి సగం సీజను అయిపోయాక సీజనల్ హాస్టల్! ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు. వలస ఏ నెలలో మొదలవుతుందో ఆ ప్రాంతంలో పసిపిల్లకు కూడా తెలుసు. దసరాకు ముందే తలుపులు తెరిచి ఉంటే పిల్లలు బండ్లు ఎక్కేవాళ్ళే కాదు.

హాస్టలంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు తరగతి గదులు, చాపలు, దుప్పట్లు, ఒక గ్యాసు పొయ్యి. ఆడపిల్లల బాత్రూముకు తలుపు లేదు. తలుపు పెట్టించేదాకా ఆడపిల్లలను రాత్రి ఉంచుకోనని హెడ్మాస్టరు సారు ఖరాఖండిగా చెప్పారు. ఆయన మాట న్యాయమే. ఊళ్ళో వడ్రంగిని పిలిచి నాలుగు రోజుల్లో పెట్టించాం. మొదటి రెండు వారాలు నేను కూడా అక్కడే పడుకున్నాను. లేకపోతే ఏ అవ్వా తన మనవరాలిని పంపేది కాదు.

సంక్రాంతి సెలవులు ఇచ్చారు. ఇంటికి పోకుండా గుంతకల్లులో గుంటూరు ప్యాసింజరు ఎక్కి నరసరావుపేటలో దిగాను. పెద్దపాప వాళ్ళున్న ఊరి పేరు అవ్వ దగ్గర, మేస్త్రీ నంబరు ఇంకొకరి దగ్గర సంపాదించాను. ఆటోలో పోయి, పొలాల మధ్య మట్టిరోడ్డు మీద ఒక కిలోమీటరు నడిచాను. ఎరువుల సంచులు కుట్టి కప్పిన గుడిసెలు పదో పన్నెండో. పక్కనే కల్లంలో మొదటి కోత కాయ ఎండుతోంది. గాలి ఇటు తిరిగితే చాలు, గొంతులో మంట.

పెద్దపాప కల్లం అంచున వేపచెట్టు కింద కూర్చుని ఉంది. కొమ్మకు చీర ఉయ్యాల, అందులో చెల్లెలు. ఉయ్యాలకు కట్టిన తాడు పెద్దపాప కాలి బొటనవేలికి చుట్టి ఉంది. కాలితో ఉయ్యాల ఊపుతూ, చేతులతో తాలు కాయలు ఏరుతోంది. అంతలో పసిది ఏడ్చింది. లేచి ఎత్తుకుంది గాని చేతి వేళ్ళు తాకనివ్వలేదు. రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తి, ముక్కు కారుతుంటే తన భుజానికి రుద్ది తుడిచింది. వేళ్ళకు కారం ఉంది కదా. ఎవరు నేర్పారో, తనే నేర్చుకుందో గాని ఆ పని ఎంత ఒడుపుగా చేసిందో ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

వాళ్ళ నాయన నన్ను చూసి చేతిలో సంచి కింద పడేశాడు. ముఖంలో నెత్తురు లేదు. "అన్నా, మీ మీద కేసేమీ లేదు. ఆ రోజు నేను తప్పు చెప్పాను. మీ మీద కేసు పెట్టే చట్టమే లేదు" అన్నాను. అతను నమ్మడానికి కాసేపు పట్టింది. నిండు సంచి ఒకటి లాగి కూర్చోమన్నాడు. వాళ్ళమ్మ మడిలోంచి వచ్చి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

అక్కడ రెండు గంటలు కూర్చున్నాను. ఊళ్ళో గడపలో కూర్చుని నేనొక్కదాన్నే మాట్లాడాను, ఇక్కడ వాళ్ళు మాట్లాడారు. జూన్లో విత్తనాలకు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే అతను పెద్దపాపను అరకూలి కింద లెక్క కట్టుకున్నాడు. ఇక పసిదాని సంగతి. వాళ్ళమ్మ అడిగింది, "పెద్దది బడికి పోతే చిన్నదాన్ని ఎవురు పట్టుకోవల్ల మేడం? దాన్ని ఎత్తుకుని కాయ కోస్తే సాలుకు ఎన్ని కిలోలు వస్తాది?" అవ్వను ఇక్కడికి పిలిపించుకోండి అన్నాను. అవ్వ వస్తే నెల నెలా ఊళ్ళో ఇచ్చే రెండు వందల పెన్షను పోతుంది, ఎవరికి వాళ్ళే వేలిముద్ర వేసి తీసుకోవాలి. ఏ దారి చూసినా ఎక్కడో ఒకచోట డబ్బు తెగుతోంది.

చదువు ఉచితం అంటాం. ఫీజు లేదు, పుస్తకాలకు డబ్బు లేదు, నిజమే. ఆ పిల్ల చేసే పని ఆగిపోతే ఇంటికి పడే లోటును ఆ "ఉచితం" ఎక్కడా లెక్కపెట్టలేదు. చాలా ఏళ్ళ తరువాత, 2020 జనవరిలో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చే అమ్మ ఒడి వచ్చింది. ఇప్పుడు తల్లికి వందనం పేరుతో ఇస్తున్నారు. ఆ డబ్బు దుబారా అని ఎవరైనా అంటే నాకు ఆ వేపచెట్టు కింది ఉయ్యాల తాడు గుర్తొస్తుంది. నన్నడిగితే డబ్బుతో పాటు ఆ గుడిసెల దగ్గర ఒక అంగన్‌వాడీ ఉంటే సగం సమస్య తీరుతుంది. పెద్దపిల్ల బడి మానడానికి కారణం చాలాసార్లు చిన్నపిల్లే. బడి చట్టమేమో ఆరేళ్ళ నుంచి మొదలవుతుంది.

చివరికి వాళ్ళమ్మే తెగించింది. "మడి గట్టునే పండబెట్టుకుని చేస్కుంటాలే. దీన్ని తీస్కపో" అంది. ఎన్ని కిలోల నష్టానికి ఒప్పుకుని ఆ మాట అందో నాకు తెలుసు. అప్పుడు వాళ్ళ నాయన నేను అస్సలు ఊహించని మాట అన్నాడు.

"నా ఇష్టంతో పంపిస్తాండా అంటే మేస్త్రీ ఒప్పుకోడు మేడం. అడ్వాన్సు తిన్నావు కదా అంటాడు. మీరే చెప్పండి. ఆ పొద్దు ఒక మాట చెప్తిరి చూడు, నిర్బంధం అని. ఆ మాట వానికి చెప్పండి."

మూడు నెలల ముందు ఏ మాటకు భయపడి పారిపోయాడో, ఆ మాటనే ఇప్పుడు తన పక్కన నిలబెట్టమని అడుగుతున్నాడు.

సాయంత్రం మేస్త్రీ బండి మీద వచ్చాడు. గట్టి మనిషి, తెలివైనవాడు. "పిల్లోళ్ళను పొలం పనికి పెట్టుకోకూడదని ఏ చట్టంలో ఉంది మేడం? అయినా అమ్మానాయన దగ్గరే ఉంది కదా" అన్నాడు. అతను అడిగినదాంట్లో తప్పు లేదు. అప్పటి బాల కార్మిక చట్టం 1986 నాటిది. కొన్ని పనులనే ప్రమాదకరమైనవని పేర్కొని వాటిల్లో మాత్రమే పిల్లలను వద్దంది. పత్తి తీయడం, మిరపకాయ కోయడం వాటిల్లో లేవు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఏ పనిలోనూ ఉండకూడదన్నది 2016 సవరణతో గాని రాలేదు. అందులోనూ బడి వేళలయ్యాక ఇంటివాళ్ళకు సాయం చేయొచ్చని సందు వదిలారు. కాబట్టి ఆ రోజు మేస్త్రీ ముందు నా దగ్గరున్నది బడి చట్టం ఒక్కటే.

"పని సంగతి నేను మాట్లాడను. ఈ పిల్ల పేరు నా రిజిస్టర్లో ఉంది. పద్నాలుగేళ్ళ వరకు ఈ పిల్ల బడిలో ఉండేలా చూడాల్సింది ప్రభుత్వం. ఆపడానికి వీళ్ళ నాయనకు కూడా వీలు లేదు, మీకు అంతకన్నా లేదు" అన్నాను. వాళ్ళ నాయన పక్కనుంచి, "సర్కారోళ్ళు ఒప్పుకోరంట అన్నా, నేనేమి చేసేది" అన్నాడు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, అరకూలి మినహాయించుకుంటానని చెప్పి బండి తీశాడు. అన్నట్టే ఉగాదికి లెక్క తేల్చేటప్పుడు మినహాయించుకున్నాడు కూడా.

పిల్లల్ని బలవంతంగా బడికి పంపే హక్కు ప్రభుత్వానికి ఉందా అని పెద్ద పెద్ద వాదనలు వింటుంటాను. తల్లిదండ్రుల స్వేచ్ఛ అంటారు. ఇంట్లోనే బాగా చదువు చెప్పగలిగిన తల్లిదండ్రుల విషయంలో ఆలోచించాల్సిందేనేమో. పెద్దపాప వాళ్ళ నాయనకు మాత్రం జూన్లో అడ్వాన్సు తీసుకున్న రోజే ఆ స్వేచ్ఛ పోయింది. మేస్త్రీకి కాదని చెప్పడానికి అతనికి సొంత మాట చాలలేదు, తనకన్నా పెద్దదాని మాట అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. నిర్బంధం ఉండాల్సిందేనని నేను గట్టిగా అనేది అందుకే. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1990ల నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున, పిల్లల్ని పని మాన్పించి బడికి తేవడానికి శాంతా సిన్హా గారు చేసిన పనికి మూలసూత్రం కూడా ఇదే. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్న పిల్లే అని వాళ్ళు నమ్మి పనిచేశారు. ట్రైనింగులో ఆ మాట విన్నప్పుడు అతిగా అనిపించింది. కల్లం అంచున చూశాక అనిపించలేదు.

మర్నాడు రైలెక్కాం. పెద్దపాప కిటికీ దగ్గర కూర్చుంది. గిద్దలూరు దాటి నల్లమలలో సొరంగం రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు నిమిషాల్లో నా చెయ్యి భగ్గుమంది. ఎన్నిసార్లు కడిగినా వేళ్ళలో కారం పోలేదు మరి.

హాస్టల్లో మొదటి వారం నిద్రలో పక్కన తడుముకునేది. చెల్లెలు పడుకునే చోటు. పక్కనున్న నాలుగో తరగతి పిల్ల మీద చెయ్యి పడితే జోకొట్టేది. ఆ పిల్ల కూడా అమ్మానాయన లేనిదే కాబట్టి ఏమీ అనకుండా నిద్రపోయేది. పదో రోజుకు ఇద్దరూ ఒకే దుప్పట్లో.

పగలు ఆరో తరగతిలో కూర్చునేది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు నేను విడిగా అక్షరాలు చెప్పేదాన్ని. ఆరులో చేర్చొద్దని వాదించింది నేనే అని చెప్పాను కదా. నా వాదన తప్పని పది రోజుల్లో తెలిసింది. చదవడం రాకపోయినా తన ఈడు పిల్లల మధ్య ఉంది కాబట్టే ఉండగలిగింది. ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెట్టి ఉంటే సిగ్గుతో ఎప్పుడో పారిపోయేది. లెక్కలైతే నేను నేర్పాల్సిన పనే లేకపోయింది. కిలో పత్తికి ఎనిమిది రూపాయలైతే ముప్పై ఏడు కిలోలకు ఎంత అని అడిగితే, నేను బోర్డు మీద రాసేలోపే చెప్పేసేది. దాన్నే కాగితం మీద గుణకారంగా వేయమంటే బిక్కమొహం వేసేది. నోటి లెక్కను కాగితం మీదికి తేవడానికి ఒక నెల పట్టింది. చదవడానికి మాత్రం చాలా కష్టపడింది. ఒత్తులు వచ్చేసరికి ఏడ్చేది. ఏడుస్తూనే రాసేది.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 11న. అంతకు రెండు రోజుల ముందు సుగ్గి బండ్లు తిరిగొచ్చాయి. వాళ్ళ నాయన మేస్త్రీ ఇచ్చిన లెక్క చీటీ బడికి తెచ్చి పెద్దపాప చేతికిచ్చాడు. చదివింది. "అడ్వాన్సు" దగ్గర ఆగింది, "మినహాయింపు" దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. మి, న, హా... కూడబలుక్కుని మొత్తం చదివింది. ఆ మినహాయింపు తనదేనని తనకు తెలుసు. వాళ్ళ నాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "సరిపోయింది" అన్నాడు. లెక్క సరిపోయిందనో ఇంకేమో నేను అడగలేదు.

తరువాతి రెండేళ్ళు ఆమె సుగ్గికి పోలేదు. మా దగ్గర ఏడు, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూల్లో ఎనిమిది చదివింది. 2017లో పది పాసయింది. ఇప్పుడిలా ఒక్క వాక్యంలో రాసేస్తున్నాను గాని, ఎనిమిదికీ పదికీ మధ్య అంతా చేజారిపోయే రోజు ఒకటొచ్చింది.

పద్నాలుగేళ్ళు నిండాక ఈ చట్టం చేతులెత్తేస్తుంది. రాజ్యాంగంలో 21ఏ అధికరణ కూడా ఆరు నుంచి పద్నాలుగు వరకే. ఎనిమిదో తరగతి దాకా లాక్కొచ్చి, పదికి ఇంకా రెండేళ్ళుండగా వదిలేయడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాదు. పద్నాలుగేళ్ళ పిల్లకు అరకూలి పోయి నిండు కూలి వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. పద్దెనిమిది వరకు ఉండాలి. అంతకు తక్కువైతే పని సగంలో వదిలేసినట్టే.

2015 జూన్. బడులు తెరిచిన మొదటి వారం. వాళ్ళ నాయన సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మేస్త్రీ వచ్చినాడు మేడం. పదునాలుగు నిండినాయి కదా, ఇంక ఆ చట్టం లేదంట కదా అన్నాడు. నిజమేనా?"

మేస్త్రీ ఆ చట్టాన్ని ఎవరితోనో చదివించుకున్నట్టున్నాడు. మూడేళ్ళ ముందు లేని కేసు ఉందని చెప్పిన నేనే ఇప్పుడు లేని చట్టం ఉందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"నిజమే అన్నా. చట్టం పద్నాలుగు వరకే. కస్తూర్బా బడిలో తొమ్మిదో తరగతిలో సీటు ఖాళీ ఉందేమో రేపే పోయి అడుగుతాను. అక్కడే ఉండి పది వరకు చదువుకోవచ్చు. పంపించమని మిమ్మల్ని అడగగలను, అంతే" అన్నాను.

అతను సైకిలు బెల్లు మీద వేలితో కాసేపు రుద్దుతూ నిలబడ్డాడు.

"మీరు పోయి అడగండి మేడం" అన్నాడు. సైకిలు తిప్పుకుంటూ, "మేస్త్రీకి మాత్రం ఉందనే చెప్తా" అన్నాడు.